అద్దె ఇంటికి పెట్టిన ఖర్చు రిపేరా, ఇంప్రూవ్‌మెంటా? అమెరికాలో టాక్స్ రిటర్న్ వేసే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

అమెరికాలో ఇల్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్లలో చాలామంది ఏడాది పొడుగునా వచ్చిన బిల్లులన్నీ ఒక కవర్లో పడేసి, మార్చి నెలాఖరులో ఆ కవరు తీసుకెళ్లి సీపీఏకి, అంటే టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటుకి, ఇచ్చి "అన్నీ రిపేర్లేనండీ, రాసేయండి" అంటారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. మూడో ఏడు ఆ కవర్లో 14,000 డాలర్ల బిల్లు ఒకటి ఉంది, దాని మీద "రూఫ్, ఇతర పనులు" అని ఒక్కటే లైను. మొత్తం ఆ ఏడాదే తగ్గిపోతుందని నేను ధీమాగా కూర్చున్నా. మా సీపీఏ చూసి, "ఇది 27.5 ఏళ్ల మీద పంచుకోవాలండీ, ఏడాదికి 509 డాలర్లు వస్తాయి" అన్నారు. ఇంకా బాధేమిటంటే ఆ "ఇతర పనులు"లో గరాజ్ తలుపు స్ప్రింగు, కారుతున్న కుళాయి, రెండు గదుల్లో పాడైన స్విచ్చులు ఉన్నాయి, అవి నిజంగానే రిపేర్లు, కానీ ఏది ఎంతో బిల్లులో లేదు, అడుగుదామంటే కాంట్రాక్టరు అప్పటికే ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు అర్థమైంది, ఈ లెక్క ఏప్రిల్‌లో తేలేది కాదని. పని ఎప్పుడు చేయించాం, దేనికి చేయించాం, బిల్లు ఎలా రాయించాం అనే మూడింటితోనే ముప్పావు వంతు తేలిపోతుంది. ఆ తర్వాత సీపీఏ చేయగలిగింది తక్కువ.

ముందు డబ్బు తేడా చూడండి. రిపేరైతే ఖర్చంతా ఆ ఏడాదే షెడ్యూల్ ఈ (E) అనే అద్దె ఆదాయపు ఫారంలో 14వ లైన్లో రాసి అద్దె ఆదాయంలోంచి తీసేస్తారు. ఇంప్రూవ్‌మెంట్ అయితే అది కొత్త ఆస్తి కొన్నట్టు లెక్క, ఫారం 4562లో ఎక్కించి ఏటా కొంచెం కొంచెంగా ఖర్చు రాసుకోవాలి, దాన్నే డిప్రిసియేషన్ అంటారు. నివాసానికి అద్దెకిచ్చే ఇంటికి ఆ కాలం 27.5 ఏళ్లు. మొదటి ఏడాది ఇంకా ఘోరం, పని పూర్తయిన నెలకి సగం నెలే లెక్కలోకి వస్తుంది, కాబట్టి జులైలో వేయించిన 14,000 డాలర్ల రూఫ్‌కి ఆ ఏడాది దక్కేది 233 డాలర్లు. అమ్మేటప్పుడు ఇంకో తేడా ఉంది. తీసుకున్న డిప్రిసియేషన్‌కి సరిపడా లాభం మీద 25 శాతం దాకా టాక్స్ పడుతుంది. రిపేరు కింద తీసేసిన డబ్బుని ఇలా వెనక్కి అడగరు. అలాగని ఇంప్రూవ్‌మెంట్ డబ్బు వృథా అనుకోవద్దు, అది ఇంటి కాస్ట్ బేసిస్‌లో, అంటే టాక్స్ లెక్కలో ఇంటికి మీరు పెట్టిన ధరలో, కలుస్తుంది, ఇంకా డిప్రిసియేషన్ తీసుకోని భాగం అమ్మిన రోజున మీ లాభాన్ని తగ్గిస్తుంది.

ఏది ఏమిటో ఎలా తేలుస్తారు

దీనికి అమెరికా టాక్స్ శాఖ ఐఆర్ఎస్ 2013 సెప్టెంబర్‌లో పెద్ద రూల్స్ పుస్తకమే ఖరారు చేసింది, 2014 నుంచి అందరికీ అవే. అందులో మూడు పరీక్షలున్నాయి: బెటర్‌మెంట్, అడాప్టేషన్, రెస్టొరేషన్. మన మాటల్లో చెప్పుకుంటే, చేసిన పని వల్ల ఇల్లు అంతకు ముందుకన్నా చెప్పుకోదగ్గంత మెరుగైందా, లేదా పెరిగిందా, లేదా కొన్నప్పటికే ఉన్న లోపం ఏదైనా సరిచేశారా అనేది బెటర్‌మెంట్. ఇంటిని మొదట్లో వాడిన పనికి కాకుండా వేరే పనికి మార్చారా, నివాసాన్ని ఆఫీసు చేశారనుకోండి, అది అడాప్టేషన్. ఒక పెద్ద భాగాన్ని మొత్తంగా మార్చేశారా, లేదా ఇక పనికిరాదన్న స్థితికి చేరినదాన్ని మళ్లీ నిలబెట్టారా అనేది రెస్టొరేషన్. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి అవునన్నా ఇంప్రూవ్‌మెంటే. మూడూ కాదంటే రిపేరు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఎక్కడంటే, ఈ పరీక్షని ఇంటి మొత్తానికి పెడతారు. "మూడు లక్షల ఇంట్లో ఏడు వేల ఏసీ ఎంతండీ, చిన్న రిపేరే కదా" అని. రూల్స్ అలా చూడవు. ఇంటి నిర్మాణాన్ని ఒకటిగా, దాని లోపలి సిస్టమ్స్‌ని విడివిడిగా చూస్తాయి: హీటింగ్, ఏసీ కలిపి ఒకటి, ప్లంబింగ్ ఒకటి, కరెంటు ఒకటి, గ్యాస్ లైన్ ఒకటి, ఫైర్ అలారం ఒకటి, సెక్యూరిటీ ఒకటి, ఇంకా లిఫ్టులు, ఎస్కలేటర్లు, అవి మనకి అక్కర్లేదు. కాబట్టి ఏసీ మొత్తం మార్చారంటే ఆ సిస్టమ్‌లో పెద్ద భాగం మారిపోయినట్టే, ఇంటి ధరతో పోలిక లేదు. అదే ఏసీలో కెపాసిటర్ మార్చారు, ఫ్యాన్ మోటారు మార్చారు, గ్యాస్ నింపించారు, అవి రిపేర్లు.

ఎంత మారిస్తే "పెద్ద భాగం" అన్నదానికి శాతం గీత ఏదీ గీయలేదు, కానీ రూల్స్‌లో ఉదాహరణలు ఇచ్చారు. వాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది కిటికీలది. 300 కిటికీలున్న ఒక ఆఫీసు బిల్డింగులో పాడైన 100 మార్చితే అది రెస్టొరేషన్ కాదన్నారు, 200 మార్చితే అవునన్నారు. మధ్యలో 150 అయితే ఏమిటని అడక్కండి, అక్కడే సీపీఏలు బతుకుతున్నారు. ఇంటి యజమానిగా మీరు పట్టుకోవాల్సింది దాని తీరు. పన్నెండు కిటికీల ఇంట్లో రెండు పగిలితే మార్చుకోండి, రిపేరు. ఎలాగూ వచ్చారు కదా అని పన్నెండూ మార్పించేస్తే అది ఇంకో సంగతి.

రూఫ్ కూడా అంతే. గాలివానకి లేచిపోయిన కొన్ని షింగిల్స్ వేయించడం, లీకైన చోట ఫ్లాషింగ్ (అతుకుల దగ్గర నీరు దిగకుండా వేసే రేకు) సరిచేయించడం రిపేరు. పాత రూఫ్ మొత్తం పీకి కొత్తది వేస్తే ఇంప్రూవ్‌మెంట్, లీకు వల్లే మార్చాం అన్నా వినరు. వడగళ్లకి ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బిచ్చి ఉంటే వాళ్లిచ్చిన మేరకు డిడక్షన్ లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

పెయింటింగ్ గురించి ఒక ముక్క. టెనెంట్ ఖాళీ చేశాక గోడలకి రంగు వేయించడం మామూలు రిపేరే. కానీ కిచెన్ మొత్తం పడగొట్టి కొత్త కేబినెట్లు, కొత్త కౌంటర్ పెట్టించి, ఆ పని వల్ల పాడైన గోడలకి రంగు వేస్తే, ఆ రంగు కూడా కిచెన్ ఖర్చులో భాగమే, ఇంప్రూవ్‌మెంట్‌తోనే పోతుంది. ఇంప్రూవ్‌మెంట్ కారణంగా చేయాల్సి వచ్చిన ప్రతి చిన్న పనీ దాంతోనే. అయితే ఇదే సమయంలో, ఇదే కాంట్రాక్టరు, కిచెన్‌తో సంబంధం లేని వెనక బెడ్‌రూం తలుపు గొళ్లెం బాగుచేస్తే అది మాత్రం రిపేరే. ఒకేసారి చేశారు కాబట్టి అన్నీ కలపాలి అనే పాత వాదన ఇప్పటి రూల్స్‌లో లేదు. కానీ ఆ గొళ్లెం ఖర్చు బిల్లులో వేరుగా కనపడాలి. నా 14,000 బిల్లులో చచ్చింది అక్కడే.

మీరే వారాంతం వెళ్లి స్వయంగా రంగు వేస్తే మీ కష్టానికి డిడక్షన్ ఉండదు, పెయింటు, బ్రష్షుల ఖర్చుకే ఉంటుంది. టెనెంట్ తనే ప్లంబర్‌ని పిలిచి 300 కట్టి, ఆ నెల అద్దెలో తగ్గించుకుంటే, ఆ 300 మీకు అద్దె వచ్చినట్టే చూపించి తర్వాత రిపేరు కింద రాయాలి. తగ్గించిన అద్దె ఒక్కటే చూపించి ఊరుకుంటే లెక్క ఒకటే అయినా రికార్డు అతకదు.

తేదీ ఎందుకంత ముఖ్యం

ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. ఇల్లు కొన్న కొత్తలో, అద్దెకి పెట్టక ముందు చేయించిన పనులు, పేరుకి రిపేర్లే అయినా, అప్పటికప్పుడు తీసేయడానికి లేదు. క్లోజింగ్ అయిన, అంటే ఇల్లు మీ పేరు మీదికి వచ్చిన, మర్నాడే పెయింటర్‌ని, ప్లంబర్‌ని, ఫ్లోరింగ్ వాళ్లని దింపి, నెల తర్వాత ఇల్లు లిస్ట్ చేశారనుకోండి, ఆ నెల ఖర్చు మొత్తం ఇంటి ధరలో కలిసిపోతుంది. అద్దెకి సిద్ధంగా, అందుబాటులో ఉన్న రోజు నుంచే రిపేర్ల లెక్క మొదలవుతుంది. టెనెంట్ దిగాలనేం లేదు, ఇల్లు ఉండటానికి పనికొచ్చే స్థితిలో ఉండి లిస్టింగ్ బయటికి వెళితే చాలు. అందుకని ఇల్లు ఉన్నదున్నట్టు ఉండదగ్గదే అయితే ముందు లిస్ట్ చేయండి, ఆ తర్వాత చిన్న చిన్న పనులు చేయించండి. ఆ లిస్టింగ్ స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచుకోండి. అలాగని కిచెన్ సింకు ఊడదీసి ఉన్న ఇంటిని లిస్ట్ చేసి "అందుబాటులోనే ఉంది" అంటే కుదరదు. కొన్నప్పుడే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఉన్న పెద్ద లోపం, ఉదాహరణకి కుంగిన పునాది, లిస్టింగ్ తర్వాత సరిచేయించినా బెటర్‌మెంటే, మీకు ముందు తెలిసినా తెలియకపోయినా.

మనవాళ్లలో ఇంకా ఎక్కువగా జరిగేది వేరే. ఐదారేళ్లు సొంతంగా ఉన్న మొదటి ఇంటిని అద్దెకిచ్చి పెద్ద ఇంటికి మారడం. అప్పుడు మీరు ఇంకా అందులో ఉండగానే "ఎలాగూ అద్దెకిస్తున్నాం కదా" అని చేయించిన రిపేర్లు సొంత ఖర్చు కిందే లెక్క, డిడక్షన్ లేదు, బేసిస్‌లోనూ కలవవు. ఇంప్రూవ్‌మెంట్లైతే కనీసం బేసిస్‌లో కలుస్తాయి. అంటే ఇక్కడ మాత్రం వ్యవహారం తలకిందులు, రిపేరే నష్టం. మా స్నేహితుడొకడు మారే ముందు వారంలో కార్పెట్ క్లీనింగ్, పెయింటింగ్, డ్రైవాల్ పాచెస్ కలిపి నాలుగు వేల చిల్లర పెట్టాడు, ఆ డబ్బు రెండింటికీ చెడ్డ రేవడే అయింది. మీరు మారిపోయి, ఇల్లు లిస్ట్ చేశాక అదే పని చేయిస్తే షెడ్యూల్ ఈ లోకి వచ్చేది. ఇంకోటి, అలా మార్చిన ఇంటికి డిప్రిసియేషన్ మార్చిన రోజున ఉన్న మార్కెట్ విలువ, మీ అడ్జస్టెడ్ బేసిస్ (కొన్న ధరకి ఇంప్రూవ్‌మెంట్లు కలిపినది), ఈ రెండింట్లో ఏది తక్కువో దాని మీద వేస్తారు, భూమి విలువ తీసేసి.

ఇంప్రూవ్‌మెంట్ అయినా ఇప్పుడే తీసేసుకునే దారులు

మూడున్నాయి. మూడింటినీ సేఫ్ హార్బర్ అంటారు, అంటే వాటి షరతులు పాటిస్తే ఐఆర్ఎస్ ఒప్పుకునే దారులు.

మొదటిది డి మినిమిస్. ఒక్కో వస్తువు ధర 2,500 డాలర్లు లేదా అంతకన్నా తక్కువైతే ఆ ఏడాదే ఖర్చు రాసేసుకోవచ్చు. మొదట్లో ఇది 500 ఉండేది, 2016 నుంచి 2,500 చేశారు. ఆడిట్ చేయించిన ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లున్న కంపెనీలకి 5,000, మనకి కాదు. ఫ్రిజ్ 1,400, డిష్‌వాషర్ 700, స్టవ్ 1,100 ఒకే బిల్లులో 3,200 అయినా ఫర్వాలేదు, ఒక్కో వస్తువు ధర విడిగా రాసి ఉంటే చాలు, డెలివరీ చార్జీలు వాటి మీద పంచుకోండి. వాటర్ హీటర్ రిపేరా ఇంప్రూవ్‌మెంటా అని గంటలు వాదించుకునేవాళ్లని చూశాను. ఫిట్టింగుతో కలిపి 2,500 లోపైతే ఆ వాదనే అక్కర్లేదు. అయితే 6,000 పనిని మూడు 2,000 బిల్లులుగా రాయించుకునే తెలివి చూపించకండి, అలా ముక్కలు చేయడాన్ని రూల్సే వద్దన్నాయి. ఇంకో షరతు, ఏడాది మొదట్లోనే "ఇంత లోపు వస్తువులు ఖర్చు రాసుకుంటాం" అనే పద్ధతి మీకు ఉండాలి, మీ లెక్కల్లో అలాగే రాసి ఉండాలి. చిన్న యజమానులకి అది కాగితం మీద ఉండి తీరాలని లేదు గానీ, జనవరిలో ఒక లైను ఈమెయిల్ మీకు మీరే పంపుకుంటే పోయేదేముంది.

రెండోది చిన్న టాక్స్‌పేయర్లది, నాకు అన్నిటికన్నా నచ్చింది, సీపీఏలు కూడా తరచుగా మర్చిపోయేది. మీ సగటు ఏడాది రాబడి కోటి డాలర్లు దాటకూడదు, అది మనలో ఎవరికీ సమస్య కాదు. బిల్డింగు బేసిస్ పది లక్షల డాలర్లు దాటకూడదు. ఇక ఆ ఇంటి మీద ఆ ఏడాది పెట్టిన రిపేర్లు, మెయింటెనెన్స్, ఇంప్రూవ్‌మెంట్లు అన్నీ కలిపి 10,000 డాలర్లు, లేదా బిల్డింగు బేసిస్‌లో 2 శాతం, ఏది తక్కువో దాన్ని దాటకూడదు. దాటకపోతే అన్నీ ఆ ఏడాదే తీసేసుకోవచ్చు, ఏది రిపేరు ఏది ఇంప్రూవ్‌మెంట్ అనే గోల లేదు. ఇల్లు 3,20,000కి కొన్నారు, అందులో భూమి 70,000 అనుకోండి, బిల్డింగు 2,50,000, దాని 2 శాతం 5,000. ఇక్కడ వాడేది మొదటి ధరే, తీసుకున్న డిప్రిసియేషన్ తీసేయక్కర్లేదు.

దీనిలో కత్తి ఎక్కడుందంటే, 5,000 దాటి ఒక్క డాలరు పెట్టినా మొత్తం సౌకర్యం పోతుంది. పోయిన భాగం ఒక్క డాలరు కాదు, అంతా. అందులోనూ డి మినిమిస్ కింద తీసేసిన ఫ్రిజ్ లాంటివి కూడా ఈ 5,000 లో లెక్కేయాలి. కాబట్టి నవంబర్లో ఒకసారి కూడిక వేయండి. 4,600 దగ్గరున్నారు, డిసెంబర్లో 900 పని ఒకటి ఉంది, అర్జెంటు కాదు అంటే జనవరికి నెట్టేయండి. అది టాక్స్ ఎగ్గొట్టడం కాదు, క్యాలెండరు చూసుకోవడం. ఈ లెక్క ఒక్కో బిల్డింగుకి విడిగా, రెండిళ్లుంటే ఒకటి దాటినా రెండోదానికి ఉంటుంది.

ఈ రెండూ వాటంతటవే రావు. ప్రతి ఏడాదీ రిటర్న్‌తో పాటు ఎలక్షన్ స్టేట్‌మెంట్ జతచేయాలి, మీ పేరు, అడ్రసు, టాక్స్ నంబరు, ఫలానా సెక్షన్ కింద ఎంచుకుంటున్నాం అని. డి మినిమిస్‌కి సెక్షన్ 1.263(ఎ)-1(ఎఫ్), చిన్న టాక్స్‌పేయర్లకి 1.263(ఎ)-3(హెచ్), రెండోదాంట్లో ఏ ఇల్లో కూడా రాయాలి. ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్ దాకా టైముంది గానీ గడువు లోపల వేసిన రిటర్న్‌తోనే ఇవ్వాలి. ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్‌తో వేసుకునేవాళ్లైతే ఈ ప్రశ్న ఎక్కడ అడుగుతుందో వెతికి చూసుకోండి, గబగబా నెక్స్ట్ నొక్కేస్తే దాటిపోతుంది.

మూడోది రొటీన్ మెయింటెనెన్స్. ఇల్లు వాడకంలోకి వచ్చినప్పటి నుంచి పదేళ్లలో ఒకసారి కంటే ఎక్కువసార్లు చేయాల్సి వస్తుందని మొదట్లోనే అనుకోదగ్గ పని, మామూలు స్థితిలో ఉంచడానికి చేసేది, అయితే అది ఖర్చే. దీనికి ఎలక్షన్ అక్కర్లేదు. ఏసీ సర్వీసింగ్, గటర్లు శుభ్రం చేయడం లాంటివాటికి సరిపోతుంది. బెటర్‌మెంట్‌కి మాత్రం దీన్ని అడ్డం పెట్టుకోలేరు.

ఇంప్రూవ్‌మెంటే అని తేలిపోతే

అన్నిటికీ 27.5 ఏళ్లు కాదు. రూఫ్, కిటికీలు, సెంట్రల్ ఏసీ, అతికించిన టైల్స్, చెక్క ఫ్లోరింగ్ 27.5. అద్దె ఇంట్లో పెట్టిన ఫ్రిజ్, వాషర్, ఫర్నిచర్, కార్పెట్ 5 ఏళ్లు. కంచె, డ్రైవ్‌వే, కాలిబాట 15 ఏళ్లు. ఈ 5, 15 ఏళ్లవాటికి బోనస్ డిప్రిసియేషన్, అంటే మొదటి ఏడాదే పెద్ద వాటా తీసేసుకునే వీలు, వర్తిస్తుంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికి మళ్లీ 100 శాతం, అంటే 8,000 డాలర్ల కంచె కూడా మొదటి ఏడాదే. రూఫ్‌కి ఇది రాదు, ఎవరైనా వస్తుందంటే వాళ్లు కమర్షియల్ బిల్డింగుల రూలు చదివి చెబుతున్నారు.

రూఫ్ మార్చినవాళ్లు అడిగి మరీ చేయించుకోవాల్సింది పార్షియల్ డిస్పొజిషన్ ఎలక్షన్. మీరు కొన్న ధరలో పాత రూఫ్ ధర కూడా ఉంది, దానికింకా డిప్రిసియేషన్ నడుస్తోంది, కానీ ఆ రూఫ్ చెత్త బండిలో వెళ్లిపోయింది. ఆ మిగిలిన విలువని ఆ ఏడాదే నష్టం కింద రాసుకోవచ్చు. కొన్న ధరలో పాత రూఫ్ వాటా 9,000 అని తేలిందనుకోండి, పదేళ్ల డిప్రిసియేషన్ అయిపోతే సుమారు 5,700 మిగిలుంటుంది. పాత రూఫ్ పీకి పారేసిన ఖర్చు కూడా దీంతో పాటు తీసేసుకోవచ్చు. ఆ ఏడాది రిటర్న్‌లోనే చేయాలి, గడువు పోతే పోయినట్టే. నా మూడో ఏడు నాకు ఇది ఎవరూ చెప్పలేదు, ఆ పాత రూఫ్‌కి ఇప్పటికీ డిప్రిసియేషన్ తీసుకుంటూనే ఉన్నా, లేని రూఫ్‌కి.

జీతం ఎక్కువున్నవాళ్లు ఒకటి ఆలోచించండి

రెంటల్ నష్టం పాసివ్ నష్టం, అంటే మామూలుగా జీతంలోంచి తీసేయడానికి వీల్లేనిది. మీ సర్దుబాటు ఆదాయం లక్ష లోపుంటే 25,000 దాకా జీతంలోంచి తీసేయనిస్తారు, లక్ష దాటాక తగ్గుతూ లక్షన్నర దగ్గర సున్నా అవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అప్పుడు మీ అద్దె లెక్క ఇప్పటికే నష్టంలో ఉంటే, ఇంకో 7,000 రిపేరు కలిపినా ఈ ఏడాది టాక్స్ ఒక్క డాలరు తగ్గదు, ఫారం 8582లో పేరుకుని ముందుకు పోతుంది, తర్వాతి ఏళ్లలో అద్దెలో లాభం వచ్చినప్పుడో, ఇల్లు అమ్మినప్పుడో బయటికొస్తుంది. కాబట్టి అటూ ఇటూ కాని ఏసీ బిల్లుని బలవంతంగా రిపేరు చేసి టెన్షన్ పెట్టుకోవడం నా దృష్టిలో దండగ. అదే ఇంటి లోను తీరిపోయి అద్దెలో ఏటా లాభం వస్తుంటే కథ వేరు, అక్కడ ప్రతి రిపేరు డాలరూ ఆ ఏడాదే పనిచేస్తుంది, సేఫ్ హార్బర్లు వదలకండి.

బిల్లు రాయించే పద్ధతి

కొటేషన్ అడిగేటప్పుడే చెప్పండి, ఒక్కో పనికి ఒక్కో లైను, ఒక్కో ధర. ఏం పాడైందో, ఏం చేశారో రాయమనండి. "బాత్రూం అప్‌గ్రేడ్" అని రాసిన బిల్లు కంటే "లీకవుతున్న షవర్ వాల్వ్ మార్చి, తడిసిన డ్రైవాల్ నాలుగడుగులు సరిచేశాం" అన్న బిల్లు పదింతలు పనికొస్తుంది, అదే నిజమైతేనే సుమా. చేసింది అప్‌గ్రేడే అయితే మాటలు మార్చి రాయించినా ఫొటోలు పట్టిస్తాయి. పనికి ముందు రెండు ఫొటోలు, తర్వాత రెండు, టెనెంట్ "ఇది పనిచేయట్లేదు" అని పెట్టిన మెసేజ్ కూడా అదే ఫోల్డర్లో. ఇంటికో ఫోల్డరు, ఏడాదికో ఫోల్డరు. ఇంప్రూవ్‌మెంట్ బిల్లులు మాత్రం ఇల్లు అమ్మి, ఆ రిటర్న్ వేసిన తర్వాత కనీసం మూడేళ్ల దాకా పారేయకూడదు.

ఇప్పటికే తప్పు జరిగి ఉంటే కంగారు పడకండి. ఒక్క ఏడాది డిప్రిసియేషన్ మర్చిపోతే 1040-ఎక్స్ వేసి సవరించుకోవచ్చు. వరసగా రెండు రిటర్న్‌లు అలా వెళ్లిపోతే ఫారం 3115 వేసి, వదిలేసిన డిప్రిసియేషన్ అంతా ఒకేసారి ఈ ఏడాదిలో తెచ్చుకోవచ్చు. వదిలేద్దాంలే అనుకోవద్దు, ఎందుకంటే అమ్మేటప్పుడు ఐఆర్ఎస్ మీరు తీసుకున్న డిప్రిసియేషనే కాదు, తీసుకోవాల్సి ఉండీ తీసుకోనిది కూడా బేసిస్‌లోంచి కోసేస్తుంది.

ఇండియాలో అద్దెకిచ్చిన ఇల్లుంటే అదీ ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి, అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ రిపేర్లకి బిల్లులతో పనిలేకుండా 30 శాతం తీసేస్తారు, ఇక్కడ ఆ 30 శాతం చెల్లదు, నిజంగా పెట్టిన ఖర్చు బిల్లులతో చూపించాలి, అదే రిపేరు ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష పెట్టాలి. డిప్రిసియేషన్ 27.5 ఏళ్లు కాదు, 2017 తర్వాత అద్దెకి పెట్టిన ఇంటికి 30 ఏళ్లు, అంతకు ముందువాటికి 40, బోనస్ లేదు. కాబట్టి ఊళ్లో ఇల్లు చూసుకునే అన్నయ్యకో, మామయ్యకో ఇప్పుడే చెప్పిపెట్టండి, ప్లంబర్‌కి చేతికిచ్చిన రెండు వేలకైనా ఒక చీటీ రాయించి ఫొటో తీసి పంపమని.